గోడ మీది ముద్ద

మా అక్క పోయిన ఎనిమిదో నెలలో నేను ద్రాక్షారామం వెళ్లాను. ఆఫీసులో సెలవు చీటీ మీద దైవదర్శనం అని రాశాను గానీ అది సగమే నిజం. ద్రాక్షారామానికి మూడు మైళ్ల దూరంలో ఒక ఊళ్లో, బర్మా నుంచి వచ్చి స్థిరపడిపోయిన ఒకావిడ ఉందని తెలిసింది. ఆవిడతో ఒక గంటసేపు బర్మా భాషలో మాట్లాడాలి. అంతకు మించి పనేమీ లేదు. ఇది విని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. మా ఇంట్లో నవ్వారు కూడా.

నేను పుట్టింది రంగంలో. రంగూన్‌ని మావాళ్లంతా రంగమనే అంటారు. నాన్న అక్కడి రేవులో పనిచేసేవాడు. అక్కడి ప్రభుత్వం మారాక మనవాళ్లంతా మూటాముల్లే సర్దుకుని వచ్చేసిన రోజుల్లో మేమూ ఓడెక్కాం. అప్పటికి నాకు పదహారేళ్లు, అక్కకి పంతొమ్మిది. విశాఖపట్నంలో దిగి అక్కడే ఉండిపోయాం. అది మొదలు ముప్ఫై నాలుగేళ్లు అక్కా నేనూ పోట్లాడుకుంటే బర్మా భాషలోనే పోట్లాడుకునేవాళ్లం. నా భార్యకి ఒళ్లు మండేది. "నన్నే తిట్టుకుంటున్నారు కదూ" అనేది. కొన్నిసార్లు నిజమే.

అక్క పోయాక ఇంట్లో మాటలకేం కొదవ లేదు. భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లందరినీ మించి అరిచే టీవీ ఉంది. కానీ ఒక రకం మాట వినబడటం మానేసింది. స్నానాల గదిలో ఒకటి రెండుసార్లు నాలో నేనే ఆ భాషలో మాట్లాడి చూసుకున్నాను. జవాబు చెప్పేవాళ్లు లేకపోతే ఏ భాషైనా పిచ్చివాడి గొణుగుడులాగే ఉంటుంది. భయమేసి మానేశాను.

మా ఆఫీసులో తాతారావు గారని, ద్రాక్షారామం వైపు మనిషి, ఆయన చెప్పాడు. "మా ఊళ్లో ఒక రంగం కోడలు ఉందండి. పాపం, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. మీరొస్తే మాట్లాడుతుందేమో." ఆవిడ మరిది సత్యం గారికి ఇన్‌ల్యాండు కవరు రాశాను. వారంలో జవాబొచ్చింది. "తప్పకుండా దయచేయండి. భోజనం మా ఇంట్లోనే. మా వదినగారు మాట్లాడుతుందో లేదో మాత్రం చెప్పలేము."

ఉదయం ఆరూ నలభైకి ప్యాసింజరు. సామర్లకోటకి టికెట్ ఇరవై రెండు రూపాయలు. వెళ్లదలచుకున్నవాళ్లు సముద్రం వైపు కిటికీ కోసం చూడకండి, సముద్రం ఎక్కడా కనబడదు. ఎడమ పక్క ఎండ తక్కువ అనుకుని కూర్చున్నాను, అదీ తప్పే. ఆషాఢమాసం. అనకాపల్లి దాటేదాకా నిలబడినవాళ్ల మోచేతులు తప్ప ఏమీ కనబడలేదు. తొమ్మిదింటికి తునిలో జనం దిగి, తమలపాకుల మోదలు, పెద్ద పెద్ద కట్టలు, ఎక్కాయి. పెట్టె అంతా పచ్చివాసన పట్టింది.

అన్నవరంలో భార్యాభర్తలిద్దరు ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. పిఠాపురం వెళ్తున్నారట. ఆవిడ సత్యనారాయణస్వామి ప్రసాదం విస్తరాకులో చిటికెడు పెట్టిచ్చి, "ఏ ఊరండి మీది?" అంది.

"విశాఖపట్నం."

"అసలు ఊరు?"

ఈ ప్రశ్న నన్ను జీవితమంతా వెంటాడింది. శ్రీకాకుళం జిల్లా అని తాతలనాటి ఊరు చెప్పొచ్చు, నేను దాన్ని చూసింది రెండే సార్లు. రంగం అని చెప్పాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అక్కడ బంగారం బాగా చవకంట కదండి?" అన్నాడు. మేం వచ్చేటప్పుడు మా అమ్మ చెవులవి కూడా రేవులో తీసేసుకున్నారని చెప్పబోయి ఊరుకున్నాను. పిఠాపురంలో వాళ్లు దిగుతూ, "పురుహూతికా అమ్మవారిని చూడకుండా వెళ్లిపోతున్నారు మీరు" అని నన్ను నిజంగానే జాలిగా చూశారు.

పదిన్నరకి సామర్లకోట. అక్కణ్ణించి కాకినాడకి బస్సు, కాకినాడలో భోజనం, మళ్లీ బస్సు. ఆ హోటల్లో పప్పూ, గోంగూరా, గడ్డపెరుగూ అడగకుండా మారు వడ్డిస్తారు, వద్దన్నా వడ్డిస్తారు. ద్రాక్షారామం చేరేసరికి రెండున్నర. గుడి పక్క వీధిలో సత్రంలో గది దొరికింది, రోజుకి యాభై. తాళం మాత్రం మనమే తెచ్చుకోవాలి, ఈ మాట నాకెవరూ ముందు చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. సాయంత్రం భీమేశ్వరస్వామిని చూశాను. లింగం ఎంత ఎత్తంటే కింద ఒకసారి, మెట్లెక్కి పైన ఒకసారి రెండుసార్లు దర్శనం చేసుకోవాలి. పై అంతస్తులో నా పక్కన నిలబడ్డ ఒక కుటుంబంవాళ్లు పేర్లూ గోత్రాలూ చెప్పి అర్చన చేయించుకుంటున్నారు. పూజారి నావైపు తిరిగి "మీరండి?" అన్నారు. నా పేరొక్కటే చెప్పాను. ఇంకెవరి పేరు చెప్పాలో ఒక్క క్షణం తట్టలేదు. ఇంట్లో ముగ్గురున్నారని తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆటోలో కాలవగట్టు మీదుగా బయల్దేరాను. కాలవ నిండుగా పారుతోంది, చేలల్లో ఊడ్పులు జరుగుతున్నాయి. ఆటో అతను నా పని అడిగి తెలుసుకుని, "ఆవిడా? ఆయ్, నాకు తెలుసండి. చిన్నప్పుడు ఆవిడ గంధం చూసి భయపడేవోళ్లం" అన్నాడు.

సత్యం గారిది పెంకుటిల్లు, ముందు పెద్ద వసారా, పక్కన ధాన్యం గది. ఆయనకి అరవై దాటి ఉంటాయి. "రండి రండి, కాళ్లు కడుక్కోండి" అంటూ తనే చెంబుతో నీళ్లు తెచ్చాడు. వసారాలో పడక్కుర్చీలో ఆయన తల్లి సూరమ్మ గారు ఉన్నారు. తొంభై ఏళ్లావిడ. చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు. "ఎవర్రా? రంగం ఆయనేనా?" అన్నారు నేను నోరు విప్పకముందే. సత్యం గారి భార్య వరలక్ష్మి గారు కాఫీ ఇచ్చి, "అక్కయ్య పెరట్లో ఉంటుందండి. అటే వెళ్లండి, మొహమాటపడకండి" అంది.

పెరటి వసారాలో నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి కూర్చుని ఉంది. యాభై ఎనిమిదేళ్లట, ఇంకా పెద్దదానిలా ఉంది. బక్కపల్చని మనిషి, ముతక నేతచీర, రెండు చెంపల మీదా పసుపురంగు గంధం ఆరిపోయి చారికలు కట్టి ఉంది. అది గంధం కాదు. బర్మాలో ఆడవాళ్లు చెట్టు బెరడు రాతి మీద అరగదీసి చెంపలకి రాసుకుంటారు, ఎండ తగలకుండా. మా అక్క కూడా వచ్చిన కొత్తలో రాసుకుంటే వీధిలో పిల్లలు వెంటపడ్డారు. ఈవిడ వెలగచెట్టు బెరడుతో చేసుకుంటోందని తర్వాత తెలిసింది. పెరట్లో ఉన్న ఒక్క వెలగచెట్టూ ఒక పక్కంతా చెక్కేసి ఉంది.

రైల్లో రెండు గంటలు సాధన చేసుకున్న మాట అన్నాను. "తమిన్ సా పీబీలా?" అన్నం తిన్నారా అని. అక్కడ ఎవరినైనా పలకరించేది అలాగే.

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత స్వచ్ఛమైన గోదావరి తెలుగులో, "తిన్నానండి. తమరు?" అంది.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంకో రెండు మాటలు ఆ భాషలోనే అడిగాను, ఏ పేట అనీ, ఎవరి అమ్మాయనీ. తల అడ్డంగా ఊపింది. "రావట్లేదండి. ఎప్పుడో పోయింది. ఇక్కడ నన్ను మంగ అంటారండి." పీట వేసి కూర్చోమంది. ఇద్దరం కూర్చున్నాం. వానలు బాగానే ఉన్నాయా అని నేనడిగాను, బాగానే ఉన్నాయండి అని ఆవిడంది. ఇంత దూరం వచ్చి ఇదా మాట్లాడింది అనుకున్నాను.

ఆ పెరటి వసారాలో ఒక మూల చిన్న పొయ్యి, రెండు గిన్నెలు, ఒక కంచం, ఒక గ్లాసు. వేరే వంట అన్నమాట. ముందు వసారాలో జరిగిన మర్యాద ఒక్కసారిగా నాకు చేదెక్కింది. సంగతంతా అర్థమైపోయిందనుకున్నాను. పరాయి దేశపు మనిషి, పరాయి మతం, ఎండుచేపల వాసన, ఇంకేముంది, పెరట్లోకి నెట్టేశారు. నా మొహంలో అది కనబడిందేమో, పన్నెండింటికి విస్తరి వేసినప్పుడు సత్యం గారు తనంతట తనే అన్నాడు. "మా వదినగారికి లోటేం చెయ్యలేదండి. బియ్యం, పప్పు, బట్టలు, మందులు. ఏటా అన్నయ్య వాటా పంట ఆవిడ పేరునే ఉంటుంది." ఆయన అబద్ధం చెప్పడం లేదు. అయినా నేను మాట్లాడలేదు. మామిడికాయ పప్పు చాలా బాగుంది, అదీ చెప్పలేదు.

నేను కూర్చున్న చోటునుంచి పెరటి గుమ్మం కనబడుతోంది. ఆవిడ పొయ్యి మీంచి అన్నం దించింది. తను వడ్డించుకోకముందే గిన్నెలోంచి మొదటి ముద్ద తీసి, మీద ఇంత కూర వేసి, అరటాకు ముక్కలో పెట్టి, నడుచుకుంటూ వెళ్లి ప్రహరీ గోడ మీద ఉంచింది. రెండు చేతులతో ఉంచింది. ఒక్క క్షణం తల వంచి నిలబడి, వచ్చి కంచం ముందు కూర్చుంది. కాకి వచ్చింది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్ల కిందటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. రంగంలో మా పక్కింట్లో ఒక బర్మా ఆవిడ ఉండేది. బడి నుంచి రాగానే అక్కకీ నాకూ అన్నం పెట్టేది. గిన్నె దించగానే మొదటి గరిటె తీసి చిన్న గిన్నెలో వేసి పక్కన పెట్టేది. ఎవరికీ అంటే, వేరే ఊళ్లో ఉన్న తన తల్లికి అనేది. ఇంట్లో పెద్దవాళ్లు దగ్గర లేనప్పుడు వాళ్లకంటే ముందు మనం తినకూడదని, వాళ్ల వంతు ముందుగా తీసి పెట్టడం వాళ్ల మర్యాద. అక్క అది నేర్చుకుని, ఒకరోజు నాన్న రేవుకెళ్లినప్పుడు మా ఇంట్లోనూ అలాగే తీసి పెట్టింది. అమ్మ లాగి చెంపమీద కొట్టింది. "బతికున్న మనిషికి ముద్ద తీస్తావా?" అంది. అక్క ఎందుకు తన్నులు తిందో మా ఇద్దరికీ ఆ రోజు అర్థం కాలేదు.

"ఆ ముద్ద ఎప్పట్నించి పెడుతున్నారండి?" అన్నాను.

సత్యం గారు లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. వరలక్ష్మి గారు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "దాని సంగతి మేం మాట్లాడుకోమండి. ముప్ఫై నాలుగేళ్ల కిందట వచ్చినప్పట్నించీ అంతే. మా బావగారు రంగంలో పెళ్లాడి, ఈవిణ్ణి ఇక్కడ దింపి మూణ్ణెల్లకే కలకత్తా రేవులో పనికి వెళ్లారు. అప్పుడు మొదలెట్టిందట. అత్తయ్యగారు గుడికెళ్లొచ్చేసరికి గిన్నెలో రెండు ముద్దలు తీసి ఉండేవట. ఒకటి తనకి, ఒకటి కొడుక్కి అనుకున్నారట. అలా ఎవరికి పెడతారండి? పోయినోళ్లకే కదా. అత్తయ్యగారు హడలిపోయి అవి తీసి గోడ మీద కాకులకి వేసేవారట. ఏడాది తిరక్కుండా మా బావగారు అక్కడే జ్వరంతో పోయారు. ఇంక చెప్పేదేముందండి. ఆ రోజు నుంచి అత్తయ్యగారు ఈవిడ చేతి మంచినీళ్లు ముట్టలేదు."

"పంపించెయ్యలేదే మరి?"

"ఎక్కడికి పంపుతారండి? ఎవరున్నారని? కొడుకు తెచ్చిన మనిషి, ఈ గుమ్మంలోనే ఉంటుంది అన్నారు. అంతే."

"ఎందుకు పెడుతున్నావని ఎవరూ అడగలేదా?"

"అదెలా అడుగుతామండి?" అంది వరలక్ష్మి గారు, నేనేదో అసభ్యంగా మాట్లాడినట్టు. "నన్ను చంపాలనుకుంటున్నావా అని ఎవరైనా అడుగుతారా?"

తర్వాత ఇంకో మాట అంది. తనకది పెద్ద విషయం కాదు, మజ్జిగ పోస్తూ అంది. "మొదట్లో రెండు పెట్టేదండి. బావగారు పోయాక ఒకటే పెడుతోంది."

నేను మజ్జిగ తాగకుండానే లేచాను. ఇందాక ఆ ఇంటివాళ్ల మీద నేను మనసులో వేసిన తీర్పు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. నేనూ అడగలేదు. పొయ్యి చూసి నిర్ణయం చేసేశాను.

పెరట్లోకి వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఈసారి నాకోసం కాదు. బర్మా భాషలోనే అడిగాను, గోడ మీద పెట్టింది ఎవరికని. నాకున్నది పదహారేళ్ల కుర్రాడి భాష, దాంతో ఎంత మర్యాదగా అడగొచ్చో అంత మర్యాదగా అడిగాను. ఆవిడ తెలుగులో జవాబు మొదలుపెట్టి ఆగింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ కదిలాయి. అప్పుడు ఆ భాష వచ్చింది, తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు, ఒక్కొక్క మాటే. "అమ్మకి. ముందు వసారాలో ఉన్న అమ్మకి. నన్ను ఆవిడతో కలిసి తిననివ్వలేదు కదా. ఆవిడ తినకముందు నేనెలా తింటాను?"

"గోడ మీద ఎందుకు పెడుతున్నావు?"

"నేను గిన్నెలో పెట్టేదాన్ని. ఆవిడ రోజూ తీసి గోడ మీద పెట్టేది. ఇక్కడి పద్ధతి అదేమో, పెద్దవాళ్ల వంతు అక్కడ పెట్టాలేమో అనుకున్నాను. అప్పట్నించి నేనే అక్కడ పెడుతున్నాను."

ఇక్కడి పద్ధతి నేర్చుకుని మరీ చేస్తోంది ఈ మనిషి. ముప్ఫై నాలుగేళ్లుగా, రోజుకి రెండు పూటలు.

వాళ్లేమనుకున్నారో చెప్పాను. చెప్పకుండా వెళ్లిపోదామనే అనుకున్నాను ముందు. చెప్పి ఈవిణ్ణి ఏడిపించడం కంటే, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి మూడింటి బస్సు పట్టుకోవడం సుఖం. కానీ ఈ రెండు భాషలూ, ఈ రెండు మర్యాదలూ తెలిసిన మనిషి ఆ పెరట్లోకి ఇంకెవడొస్తాడు? ఆవిడ విని, చేత్తో నోరు మూసుకుంది. చెయ్యి తీసి, "నేను పరాయిదాన్నని దూరం పెట్టారనుకున్నాను" అంది. ఆ తర్వాత మళ్లీ తెలుగులోకి వచ్చేసింది. "పెద్దావిడకి చెప్పండి. నాకు చేతకాదు."

సూరమ్మ గారు పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు గానీ నిద్రపోవడం లేదు. నేను నేల మీద కూర్చున్నాను. సత్యం గారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మంగ గారు గుమ్మం దాటకుండా లోపలే ఉండిపోయింది. నేను చెప్పడం మొదలుపెట్టగానే సూరమ్మ గారు, "ఆ మాట ఎత్తకండి బాబూ" అన్నారు.

"ఎత్తాలండి. నేను రేపు ఉండను. బర్మాలో పోయినవాళ్లకి ముద్ద తియ్యరండి. దగ్గర లేని పెద్దవాళ్లకి తీస్తారు, మొదటి వంతు వాళ్లదని. కోడలు తీసింది మీ మర్యాద కోసమండి."

"మీరూ అక్కడోరే. దాని పక్షాన చెప్తారు."

"అయితే ఒక్కటి ఆలోచించండి. మీ అబ్బాయి ఉన్నన్నాళ్లూ రెండు తీసింది. ఆయన పోయాక ఒకటే తీస్తోంది. పోయినవాళ్లకి పెట్టేదే అయితే, ఆయన పోయిన రోజు నుంచి కదండీ పెట్టాలి? సరిగ్గా ఆ రోజు నుంచే ఆయన ముద్ద మానేసింది."

రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. సూరమ్మ గారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి మళ్లీ కూర్చున్నారు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు, ఒకటి, రెండు, మళ్లీ ఒకటి.

"ఏమే మంగా" అన్నారు గుమ్మం వైపు తిరిగి. "నోరుందిగా నీకు. ఇన్నేళ్లూ చెప్పొచ్చుగా?"

లోపల్నించి, "మీరు అడగలేదండి" అని వినబడింది.

ముసలావిడ అన్నారు, ఎవరితో అన్నారో తెలియదు. "నాకు పెట్టింది ఇన్నేళ్లూ కాకులు తిన్నాయి." ఆ తర్వాత అడిగారు. "ఇవాళ్టిది ఉందా?"

వరలక్ష్మి గారు వెళ్లి చూసొచ్చింది. గోడ మీద అరటాకు ముక్క ఒక్కటే ఉంది.

"సరే. రేపట్నించి గోడ మీద పెట్టొద్దని చెప్పు. నా కంచంలో పెట్టమను" అన్నారు సూరమ్మ గారు. అని కళ్లు మూసుకున్నారు. కళ్ల కొసల్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. సత్యం గారు వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

రెండు గంటలకి నేను బయల్దేరాను. మంగ గారు గుమ్మం దాటి వసారాలోకి వచ్చి అరటాకు పొట్లం నా చేతికిచ్చింది. అసలు పేరేంటని అడిగాను. "మఖిన్" అంది. ఆ పేరు పైకి పలికి తనే కాస్త ఉలిక్కిపడింది. మళ్లీ రమ్మని అనలేదు. నాతో ఇంకో మాట బర్మా భాషలో మాట్లాడుతుందేమోనని ఆటో ఎక్కేదాకా చూశాను. మాట్లాడలేదు. అప్పటికే ముసలావిడ పడక్కుర్చీలోంచి "మంగా" అని పిలుస్తున్నారు. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. సంతోషించాలి నేను. సంతోషించాను కూడా. అయినా ఆటోలో కాలవగట్టు పొడుగునా లెక్క చూసుకుంటూనే ఉన్నాను. నేను గంటసేపు కబుర్ల కోసం వచ్చాను. నాకు దక్కింది ఐదారు వాక్యాలు, అవీ నావి కావు.

కాకినాడలో బస్సు మారి సామర్లకోట చేరేసరికి ఐదు. తిరుగు ప్యాసింజరు ఐదున్నరకి రావలసింది, ఆరుకి వచ్చింది. తలుపు దగ్గర సీటు దొరికింది. ఎదురుగా ఒక పెద్దాయన, బడిపంతులు ఉద్యోగం చేసి విరమించారట, తునిలో దిగాలి. "ఏ ఊరండి?" అన్నారు. చెప్పాను. "అసలు ఊరు?" అన్నారు. ఈసారి ఎందుకో విసుగు రాలేదు.

అన్నవరం దాటాక ఆకలేసి పొట్లం విప్పాను. అన్నం, ఎండురొయ్యలు వెల్లుల్లితో వేయించి దంచిన కారం. ఆ వాసనకి మా పక్కింటి వంటగది, బడి సంచులు, అక్క జడా అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. కాసేపు తినలేకపోయాను. తర్వాత నాకు తెలియకుండానే మొదటి ముద్ద తీసి, అరటాకు కొసన విడిగా పెట్టాను.

రేపు ఆ ఇంట్లో పన్నెండింటికి ఏం జరుగుతుందో నాకు తెలియదు. ముసలావిడ రాత్రికి మనసు మార్చుకోవచ్చు. మార్చుకోకపోవచ్చు. సత్యం గారు ఇలాంటివి ఉత్తరంలో రాసే మనిషి కాదు, మఖిన్‌కి రాయడం రాదు. ఇంటికెళ్లాక నేను ఎవరితోనూ ఆ భాష మాట్లాడను. అది ఇప్పుడు ఖాయంగా తెలుసు.

పెద్దాయన ఆ ముద్ద వైపు రెండుసార్లు చూశారు. అడగాలా వద్దా అని మొహమాటపడి, చివరికి మెల్లిగా అడిగారు.

"పోయినవారికా అండి?"

అడిగినందుకు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది.

"కాదండి" అన్నాను. "ఉన్నవాళ్లకే. మా అక్కగారొకరు ద్రాక్షారామం దగ్గరున్నారు."